వృత్తి క్రీడల్లో స్టెరాయిడ్లు: అనుమతి వివాదం

పోటీ క్రీడల్లో కండబలం పెంచే స్టెరాయిడ్లను డాక్టర్ల పర్యవేక్షణలో అనుమతించాలా, ఇప్పటిలాగే నిషేధించాలా అన్న వివాదం అర్ధ శతాబ్దంగా నలుగుతోంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ స్టెరాయిడ్లను నిషిద్ధ జాబితాలో చేర్చింది 1975లో. నిషేధం అమలు కావడం లేదని, దొంగచాటు వాడకమే ఎక్కువ ప్రమాదమని, తన శరీరం మీద ఆటగాడికి హక్కు ఉంటుందని అనుమతి కోరేవారు అంటారు. ఒకరికి ఇచ్చిన స్వేచ్ఛ మిగతా అందరికీ బలవంతంగా మారుతుందని, పిల్లల దాకా పాకుతుందని నిషేధం కోరేవారు బదులిస్తారు. తెలుగు ప్రాంతాల్లో ఈ వివాదం ఎక్కువగా వెయిట్‌లిఫ్టింగ్ చుట్టూ, ఇటీవల జిమ్‌ల చుట్టూ తిరుగుతోంది.

ఏ స్టెరాయిడ్లు?

ఉబ్బసానికి, కీళ్లవాతానికి, చర్మవ్యాధులకు డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు వేరు. అవి వాపును తగ్గించే కార్టికోస్టెరాయిడ్లు. వీటిపైనా పోటీ సమయంలో కొన్ని ఆంక్షలున్నాయి గాని, వివాదం వాటి గురించి కాదు. మగవారి హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను, దాన్ని పోలిన కృత్రిమ పదార్థాలను అనబాలిక్ స్టెరాయిడ్లు అంటారు. నాండ్రోలోన్, స్టానొజొలాల్, మెథాండైనోన్ ఈ కోవలోవే. కండరంలో ప్రొటీన్ తయారీని పెంచడం, కఠినమైన సాధన తర్వాత శరీరం త్వరగా కోలుకునేలా చేయడం వీటి పని. రోజుకు ఒక పూట సాధన చేసేవాడు రెండు పూటలా చేయగలుగుతాడు. అసలు లాభం అక్కడుంది.

ఈ లాభం ఎంతో కొలిచిన ప్రయోగాల్లో ముఖ్యమైనది 1996లో అమెరికాలో శలేందర్ భాసిన్ బృందం ప్రచురించినది. 43 మంది మగవారిని నాలుగు జట్లుగా విడదీసి పది వారాలు పరిశీలించారు. రెండు జట్లకు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇచ్చారు. మందు లేకుండా వ్యాయామం చేసినవారికి కొవ్వు కాని శరీర బరువు సుమారు 2 కిలోలు పెరిగింది. వ్యాయామం లేకుండా మందు మాత్రమే తీసుకున్నవారికి 3 కిలోలకు పైగా, రెండూ చేసినవారికి 6 కిలోలకు పైగా పెరిగింది. స్టెరాయిడ్లు ఆటలో పనిచేయవన్న పాత వైద్యుల మాటకు దీంతో కాలం చెల్లింది.

నష్టాల జాబితా కూడా పొడవే. బయటినుంచి హార్మోన్ వస్తుంటే శరీరం సొంత తయారీని ఆపేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, మగవారిలో రొమ్ములు పెరుగుతాయి. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె గోడలు మందమవుతాయి. మాత్రల రూపంలో తీసుకునే చాలా రకాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఆడవారిలో గొంతు బొంగురుపోతే మందు మానినా తిరిగి మామూలు కాకపోవచ్చు. ఎదిగే వయసు పిల్లల్లో ఎముకల చివరలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది.

చరిత్ర

టెస్టోస్టిరాన్‌ను 1935లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ కృషి చేసిన బ్యూటెనాంట్, రుజీచ్కాలకు 1939 రసాయనశాస్త్ర నోబెల్ ప్రకటించారు. అంతకు ముందే విజయనగరం ప్రాంతం నుంచి కోడి రామ్మూర్తి నాయుడు వంటి మల్లయోధులు దేశమంతటా బలప్రదర్శనలిచ్చారు. ఉత్తరాంధ్ర వ్యాయామశాలల సంప్రదాయం స్టెరాయిడ్ల కంటే పాతది.

1954లో వియన్నాలో జరిగిన ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో సోవియట్ లిఫ్టర్లు టెస్టోస్టిరాన్ వాడుతున్నారని అమెరికా జట్టు డాక్టర్ జాన్ జీగ్లర్ తెలుసుకున్నాడు. 1958లో సీబా కంపెనీ మెథాండైనోన్‌ను డయనబాల్ పేరుతో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. అప్పట్లో దానిపై ఏ నిషేధమూ లేదు. అనుమతి ఉంటే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి 1958 నుంచి 1975 వరకు నడిచిన కాలం ఒక నమూనా. మాత్ర బలం అవసరమైన క్రీడలన్నింటికీ పాకింది, మోతాదులు పెరుగుతూ పోయాయి, దాన్ని లిఫ్టర్లకు ఇచ్చిన జీగ్లర్ స్వయంగా ఆ పనికి పశ్చాత్తాపపడ్డాడు.

తూర్పు జర్మనీ 1974 నుంచి దీన్ని ప్రభుత్వ పథకంగా నడిపింది. వేలాది క్రీడాకారులకు, వారిలో పద్నాలుగు పదిహేనేళ్ల బాలికలకు, విటమిన్లని చెప్పి ఓరల్ ట్యూరినబాల్ మాత్రలు ఇచ్చారు. ఆ మాత్రలు మింగినవారిలో ఒకరు, 1986లో షాట్‌పుట్‌లో ఐరోపా స్వర్ణం గెలిచిన హైడీ క్రీగర్ తరువాత లింగమార్పిడి చేయించుకుని ఆండ్రియాస్ క్రీగర్‌గా జీవిస్తున్నారు. పథకం నడిపిన క్రీడా పెద్దలకు 2000లో బెర్లిన్ కోర్టు శిక్ష విధించింది. డాక్టర్ పర్యవేక్షణ ఉంటే ప్రమాదం ఉండదన్న వాదనకు వ్యతిరేకంగా అందరూ చూపే ఉదాహరణ ఇది. అక్కడ మందు ఇచ్చింది డాక్టర్లే.

1988 సెప్టెంబర్ 24న సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా రన్నర్ బెన్ జాన్సన్ 100 మీటర్లను 9.79 సెకన్లలో పరుగెత్తి, స్టానొజొలాల్‌తో దొరికిపోయాడు. తర్వాత కెనడా ప్రభుత్వం వేసిన విచారణలో కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ మందు వాడకాన్ని ఒప్పుకున్నాడు. పై స్థాయిలో స్టెరాయిడ్ విలువ ఒక మీటరు ఉంటుందని, వాడనివాడు ఒక మీటరు వెనక నుంచి మొదలుపెట్టినట్టేనని ఆయన వాదన. ఇరుపక్షాలూ ఈ మాటను తమకు అనుకూలంగానే వాడుకుంటాయి.

పరీక్ష, శిక్ష

1999లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఏర్పడింది. దాని నియమావళి 2004 నుంచి అమల్లో ఉంది. శాంపిల్ తీసే పద్ధతి కట్టుదిట్టంగా ఉంటుంది. పరీక్షకు ఎంపికైనట్టు తెలిపిన క్షణం నుంచి క్రీడాకారుల వెంట ఒక మనిషి ఉంటారు. సీలు వేసిన కిట్లలోంచి ఒకదాన్ని క్రీడాకారులే ఎంచుకోవాలి. అదే లింగానికి చెందిన అధికారి కళ్లెదుటే కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం పట్టాలి. దాన్ని తామే ఏ, బీ సీసాల్లో పోసి మూత బిగించాలి. ఏ సీసాలో దోషం తేలితే బీ సీసా పరీక్షను కోరవచ్చు.

ఇంజెక్షన్‌గా వచ్చిన టెస్టోస్టిరాన్‌కూ శరీరం తయారుచేసుకున్నదానికీ పైకి తేడా లేదు. అందుకే ల్యాబ్‌లు దాన్ని ఎపిటెస్టోస్టిరాన్‌తో పోల్చి నిష్పత్తి చూస్తాయి. 4:1 దాటితే అనుమానం. అప్పుడు కార్బన్ ఐసోటోపుల పరీక్షతో మూలం తేల్చుకుంటాయి. కృత్రిమ స్టెరాయిడ్ల అవశేషాలను చాలాకాలం తర్వాత కూడా పట్టే పద్ధతులు వచ్చాక, 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్ శాంపిళ్లను మళ్లీ పరీక్షించి పదుల సంఖ్యలో పతకాలు వెనక్కి తీసుకున్నారు. కజకిస్తాన్ లిఫ్టర్ ఇల్యా ఇల్యిన్ ఆ రెండు ఒలింపిక్స్ స్వర్ణాలనూ పోగొట్టుకున్నాడు.

నియమావళిలో కఠినమైనది బాధ్యత సూత్రం. ఒంట్లో మందు దొరికితే చాలు, ఎలా వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. స్టెరాయిడ్‌కు తొలి తప్పులో మామూలుగా పడే నిషేధం నాలుగేళ్లు. తెలియక జరిగిందని నిరూపించుకుంటే తగ్గుతుంది. నిజమైన జబ్బు ఉన్నవారు చికిత్సకు ముందస్తు మినహాయింపు కోరవచ్చు.

అనుమతించాలనే వాదం

ఈ పక్షాన ఎక్కువగా వినిపించే పేరు ఆస్ట్రేలియా తత్త్వవేత్త జూలియన్ సవులెస్కు. 2004లో మరో ఇద్దరితో కలిసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంలో ఆయన ప్రతిపాదన ఇది: పదార్థాన్ని నిషేధించకండి, ఆరోగ్యానికి హద్దు పెట్టండి. రక్తంలో హార్మోన్ ఒక సురక్షిత మట్టం దాటకుండా చూస్తే చాలు, అది ఎక్కడినుంచి వచ్చిందన్నది అనవసరం. అమెరికా పిల్లల వైద్యుడు, వైద్యనీతి శాస్త్రజ్ఞుడు నార్మన్ ఫాస్ట్ కూడా ఇదే వైపు నిలిచారు.

రెండో వాదన సమానత్వానిది. ఫిన్‌లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటాకు పుట్టుకతోనే జన్యుమార్పు వల్ల రక్తకణాలు అసాధారణంగా ఎక్కువ. అతని ఒలింపిక్ స్వర్ణాలను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పుట్టుకతో వచ్చినది న్యాయమై, సూదితో వచ్చినది అన్యాయం ఎలా అవుతుందన్నది ప్రశ్న.

ఈ ప్రశ్న భారతదేశానికి తిరగేసి వచ్చింది. హైదరాబాద్‌లో సాధన చేసిన ఒడిశా రన్నర్ ద్యుతీ చంద్‌ను శరీరంలో సహజంగా టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందని 2014లో పోటీలకు దూరం పెట్టారు. ఆమె క్రీడా వివాదాల అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లగా, 2015 జులైలో ఆ నిబంధనను నిలిపివేశారు. అదే ద్యుతీకి, 2022 డిసెంబర్ శాంపిళ్లలో స్టెరాయిడ్ల తరహాలో పనిచేసే మందులు దొరికినందుకు 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. ఒకే శరీరం మీద రెండు తీర్పులు: లోపలి హార్మోన్ ఆమెది, బయటి మందు ఆమెది కాదు. ఈ గీత సరైనదేనా అన్నదే చర్చ అంతటికీ ఇరుసు.

మూడో వాదన ఆచరణకు సంబంధించినది. ఎత్తైన ప్రదేశాల గాలిని పోలిన గుడారాల్లో పడుకోవచ్చు, లేజర్‌తో చూపు సరిచేయించుకోవచ్చు, ఖరీదైన బూట్లు వేసుకోవచ్చు. సాంకేతిక లాభాలన్నిటినీ ఒప్పుకుని ఒక్క మందునే వెలివేయడంలో తర్కం లేదంటారు.

కూడదనే వాదం

వాడా తొలి అధ్యక్షుడు రిచర్డ్ పౌండ్, అమెరికా వైద్యనీతి శాస్త్రజ్ఞుడు థామస్ మర్రే, తత్త్వవేత్త మైఖేల్ శాండెల్ వేర్వేరు దారుల్లో నిషేధాన్ని సమర్థించారు. వీరి వాదనల్లో బలమైనది బలవంతం గురించినది. అందరూ వాడితే ఎవరి ర్యాంకూ మారదు, అందరి ఆరోగ్యమూ మారుతుంది. వాడనివాడు మాత్రం ఆటలోంచి తప్పుకోవాల్సి వస్తుంది. అప్పుడది ఎంపిక కాదు, ఉద్యోగ అర్హత.

సురక్షిత మట్టం అన్న మాటనూ వీరు ప్రశ్నిస్తారు. పోటీలో గెలుపు అవతలివాడి కంటే కొంచెం ఎక్కువలో ఉంటుంది. హద్దు ఎక్కడ గీసినా దానికి పైన దాక్కునేవాడు ఉంటాడు, కాబట్టి పరీక్షలు తప్పవు. హద్దులోపల వాడేవారి రక్తాన్ని నెలనెలా చూడటం అదనపు పని. పైగా మంచి డాక్టర్, మంచి ల్యాబ్ ఉన్నవాడికే అసలు లాభం. సమానత్వం పేరుతో మొదలైన వాదన డబ్బున్నవాడి దగ్గర ఆగుతుంది.

వృత్తి లీగ్‌ల దారి

వృత్తి క్రీడలకు ఒలింపిక్స్‌కు ఉన్నట్టు ఒకే చట్టం లేదు. అమెరికా బేస్‌బాల్‌లో నిబంధనలు యాజమాన్యానికీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య బేరసారాలతో తేలతాయి. 1998లో హోమ్ రన్ల రికార్డు బద్దలుకొట్టిన మార్క్ మెక్‌గ్వైర్ లాకర్‌లో కనిపించిన ఆండ్రోస్టెనెడైయోన్ అప్పటికి ఆ లీగ్‌లో నిషిద్ధం కాదు. ఆ లీగ్‌లో మందుల వాడకంపై 2007 డిసెంబర్‌లో వచ్చిన మిచెల్ నివేదిక తర్వాత కట్టడి పెరిగింది. ఇప్పుడు తొలి తప్పుకు 80 మ్యాచ్‌లు, మూడోసారికి జీవితకాల నిషేధం.

బాడీబిల్డింగ్, పవర్‌లిఫ్టింగ్‌లలో పరీక్షలున్న సంఘాలు, లేని సంఘాలు రెండూ చాలా దేశాల్లో పక్కపక్కనే నడుస్తున్నాయి. అనుమతి విధానానికి ఇప్పటికే ఉన్న రూపం ఇది. ఎన్‌హాన్స్‌డ్ గేమ్స్ అనే ప్రైవేటు సంస్థ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించి, మందులు అనుమతించే పోటీలను 2026 మేలో లాస్ వేగాస్‌లో జరుపుతామని ప్రకటించింది. మందు వాడిన గ్రీకు ఈతగాడు క్రిస్టియన్ గ్కోలోమీవ్ 50 మీటర్లను 20.89 సెకన్లలో ఈదాడని 2025లో చెప్పుకుంది. అప్పటి ప్రపంచ రికార్డు 20.91. ప్రపంచ ఈత సమాఖ్య ఆ లెక్కను గుర్తించకపోగా, అటువంటి పోటీల్లో పాల్గొన్నవారిని తమ పోటీలకు రానివ్వకుండా 2025 జూన్‌లో నిబంధన తెచ్చింది.

భారతదేశంలో

జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా 2005లో ఏర్పడి, 2009 నుంచి పరీక్షలు నడుపుతోంది. 2022 చట్టం దానికి చట్టబద్ధత ఇచ్చింది. క్రీడాకారులను జైలుకు పంపే నిబంధన ఆ చట్టంలో లేదు. క్రికెట్ బోర్డు చాలాకాలం నాడాకు దూరంగా ఉండి, దగ్గు మందులో ఉండే టెర్బుటలిన్ వల్ల పృథ్వీ షా ఎనిమిది నెలల వేటుకు గురైన తర్వాత, 2019 ఆగస్టులో దారికొచ్చింది.

2011లో మహిళల 400 మీటర్ల రన్నర్లు అరడజను మంది మెథాండైనోన్, స్టానొజొలాల్‌లతో దొరకడం పెద్ద కుదుపు. వారిలో అంతకు ముందు ఏడాది కామన్వెల్త్, ఆసియా క్రీడల రిలే స్వర్ణ విజేతలున్నారు. విదేశీ కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ మాత్రల్లో మందు కలిసిందని వారు చెప్పారు. ఇక్కడి కమిటీ వేసిన ఏడాది నిషేధాన్ని అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 2012లో రెండేళ్లకు పెంచింది.

వాడా లెక్కల ప్రకారం 2023లో భారత్‌లో 5,606 శాంపిళ్లు పరీక్షిస్తే 3.8 శాతం పాజిటివ్ వచ్చాయి. 2024లో 7,113 శాంపిళ్లలో 260, అంటే దాదాపు 3.7 శాతం. 5 వేలకు పైగా పరీక్షలు జరిపిన దేశాల్లో ఇది అత్యధికం. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారన్న కబురు పొక్కగానే పురుషుల 100 మీటర్ల ఫైనల్ గీత దగ్గర ఒకే ఒక్కడు మిగిలాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడిపారేసిన సిరంజీలు కనిపించాయి. అవి కోట్లు సంపాదించే వృత్తి ఆటగాళ్ల పోటీలు కావు. సర్టిఫికెట్, క్రీడా కోటా ఉద్యోగం కోసం వచ్చిన కుర్రవాళ్ల పోటీలు.

తెలుగు రాష్ట్రాల్లో

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమె. అదే ఒలింపిక్స్‌లో, ఇతర మందుల ఆనవాళ్లను కప్పిపుచ్చే ఫ్యూరోసెమైడ్‌తో దొరికినందుకు ముగ్గురు బల్గేరియా లిఫ్టర్లు పతకాలు పోగొట్టుకున్నారు. తరువాతి పదేళ్లూ భారత వెయిట్‌లిఫ్టింగ్‌కు గడ్డుకాలం. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో ఇద్దరి పతకాలు పోయాయి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇద్దరు మహిళలు దొరికారు. మాంచెస్టర్‌లో స్వర్ణాలు గెలిచిన శైలజా పూజారి రెండోసారి పట్టుబడటంతో 2010లో జీవితకాల నిషేధానికి గురయ్యారు. అదే ఏడాది ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో దిగడానికి మన వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య డోపింగ్ కేసులకు గాను 5 లక్షల డాలర్ల జరిమానా కట్టాల్సివచ్చింది.

నిషేధం ఎవరికి మేలు చేస్తుందో చూపే ఉదాహరణ కూడా తెలుగు నేలదే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ ఇంటింటా లిఫ్టర్లున్న ఊరిగా పేరుపడింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం నైజీరియాకు చెందిన పదహారేళ్ల చికా అమలాహాది. ఆమె శాంపిల్‌లో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ దొరికాయి. ఇవి స్టెరాయిడ్లు కావు, మూత్రాన్ని పలుచన చేసి ఇతర మందుల ఆనవాళ్లను కప్పిపుచ్చే పదార్థాలు. అమలాహా స్వర్ణం రద్దయి, పాపువా న్యూగినీ లిఫ్టర్ డికా టూవాకు స్వర్ణం, సంతోషికి రజతం, స్వాతి సింగ్‌కు కాంస్యం దక్కాయి. పరీక్ష లేకుంటే ఆ రజతం లేదు. దొరికిన అమ్మాయి మైనర్ అన్నదీ మరవకూడదు. పదహారేళ్ల పిల్లకు ఆ మందులు ఎవరో ఇచ్చే ఉంటారు.

జిమ్‌ల సంగతి వేరు. అక్కడ పతకాలు లేవు, పరీక్షలూ లేవు. ఔషధ నియమావళిలోని షెడ్యూల్ హెచ్ ప్రకారం అనబాలిక్ స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కోర్సు పేరుతో ట్రైనర్ చేతిమీదుగా అవి చేరుతుంటాయి. హైదరాబాద్‌లో పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు జిమ్‌లకు వెళ్తున్న మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లను పలుమార్లు పట్టుకున్నారు. మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి ఆపరేషన్ థియేటర్లో వాడే మందది. ఆరోగ్యవంతుడు వ్యాయామానికి ముందు ఎక్కించుకుంటే గుండెకే ముప్పు.

పుదుచ్చేరి, తట్టాంచావడి

అనుమతి వాదం చిన్న పట్టణంలో ఎలా ఉంటుందో చూడటానికి పుదుచ్చేరి ఒక ఉదాహరణ. ఈ కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాట్లాడే యానాం ఒక భాగం. పుదుచ్చేరి పట్టణంలో పారిశ్రామికవాడకు పేరుపడ్డ తట్టాంచావడికి ప్రత్యేకమైన డోపింగ్ చట్టమేదీ లేదు, 2022 కేంద్ర చట్టమే వర్తిస్తుంది. పుదుచ్చేరి క్రికెట్ జట్టు 2018-19 సీజన్ నుంచి రంజీ ట్రోఫీ ఆడుతోంది. మరుసటి ఏడాదే క్రికెట్ బోర్డు నాడా పరిధిలోకి రావడంతో ఇక్కడి క్రికెటర్లు వృత్తి జీవితం మొదట్లోనే పరీక్షల కిందికి వచ్చారు.

అనుమతి వాదాన్ని ఇటువంటి ఊరికి అన్వయిస్తే దాని బలహీనత బయటపడుతుంది. తట్టాంచావడికి దగ్గరలోనే గోరిమేడులో జిప్మెర్ వంటి పెద్ద ఆసుపత్రి ఉంది. హార్మోన్ లోపం ఉన్న రోగికి అటువంటిచోట టెస్టోస్టిరాన్ చికిత్స దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి కండ కోసం మోతాదు రాసి, నెలనెలా రక్తం చూసే ఏర్పాటు మాత్రం ఏ ప్రభుత్వాసుపత్రిలోనూ లేదు. సవులెస్కు ఊహించిన పర్యవేక్షకుడు పెద్ద లీగ్‌కు జీతం మీద పనిచేసే డాక్టర్. చిన్న పట్టణంలో ఆ స్థానంలో ఉండేది జిమ్ ట్రైనర్ లేదా మందుల షాపు కుర్రాడు.

ప్రస్తుత స్థితి

ప్రపంచంలో ఏ ఒలింపిక్ క్రీడా సమాఖ్యా ఇప్పుడు స్టెరాయిడ్లను అనుమతించడం లేదు. శిక్ష ఎంత ఉండాలి, కల్తీ సప్లిమెంట్లకు బలైనవారిని ఎలా కాపాడాలి, మైనర్ల చేత మందు వాడించిన కోచ్‌లను ఎలా శిక్షించాలి అన్నవాటిపైనే ప్రస్తుతం మార్పులు జరుగుతున్నాయి. తత్త్వశాస్త్రంలో వాదన ఇంకా తెగలేదు. భారతదేశానికి సంబంధించినంతవరకు మాత్రం, అనుమతికి ముందు షరతుగా చెప్పే వైద్య పర్యవేక్షణే అందుబాటులో లేదు కాబట్టి, ఆ వాదన ఇక్కడ నిలబడదు. పోటీల్లో పాల్గొనేవారు దగ్గు మందు దగ్గర్నుంచి ప్రొటీన్ డబ్బా దాకా ఏది కొన్నా, నాడా నిషిద్ధ జాబితాతో సరిచూసుకోవాలి. ఇందుకు నాడా 'నో యువర్ మెడిసిన్' అనే మొబైల్ యాప్‌ను ఉచితంగా అందిస్తోంది.